మైసయ్య బిగించిన పలక

నకిరేకల్ బైపాస్ పక్కన రేకుల షెడ్డులో మైసయ్య ముప్పై ఏండ్లు లారీ క్యాబిన్లకు సోకులు చేశాడు. సామాన్లు పెట్టుకునే బల్లలు, అద్దాలు, ఎర్ర కుచ్చులు, డ్రైవరుకు ఎదురుగా దేవుడి పీట, అన్నీ ఆయన చేతి మీదుగా పోయినవే. తర్వాత లారీలు కంపెనీలోనే ముస్తాబై రావడం మొదలైంది. తెలంగాణ వచ్చిన రెండో ఏట కొడుకు విజేందర్ షెడ్డును బైకుల మెకానిక్ షాపు చేసి, బోర్డు మీద తన పేరు రాయించాడు. మైసయ్య చేతికి గాలి కొట్టే పైపు వచ్చింది.

దాంతోనే సరిపెట్టుకుంటే ఆయన మైసయ్య ఎందుకవుతాడు? పోయిన నెల ఒక బైకుకు ముందు గార్డు వెల్డింగ్ పెడుతూ బ్యాటరీ తీగ విప్పడం మరిచిపోయాడు. లోపలి వైర్లన్నీ మాడిపోయాయి. దాన్ని బాగుచేయడానికి విజేందర్‌కు రెండు రోజులు పట్టింది.

"బాపూ, ఇంకో బండి మీద చెయ్యి పెట్టినవనుకో, ఇంటికాడనే కూసోపెడ్త. షెడ్డు మొకం చూడొద్దు" అని గట్టిగానే చెప్పాడు.

ఇంట్లో బిక్షమ్మ కూడా ఊరుకోలేదు. "అరవై ఆరేండ్లకు గాలి కొట్టే నౌకరి దొరికింది. గదన్న నిలుపుకో" అంది పెనిమిటితో. మైసయ్య బువ్వ కలుపుకుంటూ వినపడనట్టు ఉన్నాడు. షెడ్డు మొకం చూడకుండా బతకడమెట్లాగో మాత్రం ఆయనకు తోచలేదు.

ఒక గురువారం విజేందర్ సామాన్ల కోసం సూర్యాపేట పోయాడు. పోతూ పోతూ పానాల పెట్టెకు తాళం వేశాడు. పది గంటలప్పుడు ఒంటె లాంటి బండి ఒకటి వచ్చి ఆగింది. దూర ప్రయాణాలకు వాడే బైకు, ముందర పెద్ద అద్దం. దిగిన పిల్లగాడి పేరు రాకేష్, సబ్‌స్టేషన్‌లో ఉద్యోగం. చేతిలో అట్టపెట్టె.

"విజేందరన్న లేడా? గీ పలక బిగించాలె తాతా. ఆన్‌లైన్ల తెప్పించిన. మీటరు పైన, అద్దం ఎనక వస్తదిది. పన్నెండింటికి నల్లగొండల దోస్తులు కలుస్తరు. కన్యాకుమారి పోతున్నం."

మైసయ్య పలకను అటూ ఇటూ తిప్పి చూశాడు. అరచేతి వెడల్పు ఇనప రేకు, రెండు కాళ్లు, నాలుగు బోల్టులు. ఇట్లాంటివి లారీలకు ఎన్ని బిగించాడో ఆయనకే లెక్క లేదు.

"ఎంతసేపు బిడ్డా! టిఫిన్ చేసి రాపో" అన్నాడు.

రాకేష్ అటు పోగానే, గాలి మిషను వెనక దాచిన పాత పనిముట్ల గోనెసంచి బయటికి వచ్చింది. పెట్టెకు తాళం వేసిన కొడుకు సంచి సంగతి మరిచాడు. అట్టపెట్టెలో బొమ్మలున్న కాగితం కూడా ఉంది. మైసయ్య దాన్ని పరిచి దాని మీద బోల్టులు పెట్టుకున్నాడు. అందుకు బాగానే పనికొచ్చింది.

కంపెనీ బెజ్జాల్లో బిగిస్తే పలక ఎక్కడో పైన, అద్దానికి దగ్గరగా వస్తోంది. అది ఆయనకు నచ్చలేదు. పీటన్నాక నడిపేవాడి ఎదకు ఎదురుగా, నట్టనడుమ ఉండాలి. పలక కాళ్లకు కొత్తగా రెండు బెజ్జాలు కొట్టి, కిందికీ ముందుకీ జరిపి బిగించాడు. పటం జారకుండా సన్నటి చువ్వతో చుట్టూ అంచు కట్టాడు. అగరుబత్తి గుచ్చడానికి ఒక మూల చిన్న గొట్టం కూడా పెట్టి, దూరం జరిగి చూసుకుని మురిసిపోయాడు.

రాకేష్ వచ్చి సీటు మీద కూర్చున్నాడు. తల ఇటు వంచాడు, అటు వంచాడు.

"తాతా, మీటరు కనిపిస్తలేదు."

"మీటరెందుకు బిడ్డా? దేవుడు కనిపిస్తడు కద!"

"దేవుడా? ఏ దేవుడు?"

"నువ్వు ఏ దేవుణ్ని పెట్టుకుంటే ఆ దేవుడు."

"మేం చర్చికి పోతం తాతా."

"అయితే సిలువ పెట్టుకో. నేనేమన్న వద్దంటున్ననా?"

రాకేష్ రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "గది దేవునికి కాదు! ఫోను పెట్టుకోనీకి. తొవ్వ చూపిస్తది."

"తొవ్వ అడిగితే మనుషులు చెప్పరా?"

అయితే తప్పు జరిగిందని మైసయ్యకు అర్థమైంది. ముప్పై ఏండ్లలో ఆయన చూసిన లారీల్లో మీటరు ముల్లు కదిలింది లేదు. దాన్ని చూసి బండి నడుపుతారన్న ఆలోచనే రాలేదు. ఇప్పుడు పలకకు కావలసినదానికన్నా రెండు బెజ్జాలు ఎక్కువున్నాయి. పదకొండు కావస్తోంది. విజేందర్ ఏ క్షణమైనా రావచ్చు.

"అన్న రానీ, ఆయనే చూస్తడు" అన్నాడు రాకేష్.

"ఆయనొచ్చి చూసిండంటే రేపటి సంది నేనీడ ఉండ. అర్ధగంట ఆగు బిడ్డా. నచ్చకపోతే నీ నోటితోనే వానికి చెప్పు."

ముసలాయన గొంతులో ఏం వినిపించిందో, రాకేష్ స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

మైసయ్య అంచు ఊడదీశాడు, గొట్టం కోసేశాడు. బెజ్జాలతో బలం తగ్గిన కాళ్లకు రెండు మందపాటి పట్టీలు పెట్టి రివిట్లు కొట్టాడు. ఈసారి కంపెనీ బెజ్జాల్లోనే, నడుమ సైకిల్ ట్యూబు ముక్కలు పెట్టి బిగించాడు. రాకేష్ కూర్చుని చూస్తే మీటరు మొత్తం కనిపించింది.

"ఇగ పరీక్ష" అని మైసయ్య పక్క హోటల్ నుంచి గిలాస నిండా చాయ్ తెచ్చి పలక మీద పెట్టి, జారకుండా ట్యూబు ముక్కతో కట్టాడు. లారీ పీటలకు ఆయన పెట్టే పరీక్ష అదే. గుంతల తొవ్వలో పోయి వచ్చేసరికి సగం చాయ్ మిగిలితే పీట పాసు. నిమ్మకాయల డబ్బా మీద నిలబడి వెనక సీటు ఎక్కి, రాకేష్ నడుం పట్టుకున్నాడు. "నిమ్మకాయల మార్కెట్ ఎనక తొవ్వ పట్టు. మెల్లగ పోకు, మోసమైతది."

మార్కెట్ దగ్గర సద్ది తెస్తున్న బిక్షమ్మ ఎదురైంది. "ఏందయ్యో, ముసలితనాన పెండ్లికొడుకు లెక్క ఊరేగుతున్నవ్?"

"పని మీదున్న!" అని అరిచాడు మైసయ్య. ఆ అరుపు కూడా గుంతలో పడి రెండు ముక్కలైంది.

తిరిగి వచ్చేసరికి షెడ్డు ముందు విజేందర్ నిలబడి ఉన్నాడు. తండ్రిని చూశాడు, గోనెసంచిని చూశాడు, బండిని చూశాడు. గిలాస తీసి పక్కన పెట్టాడు. అందులో సగానికన్నా వేలెడు ఎక్కువే ఉంది. పలకను రెండు చేతులతో పట్టి ఊపాడు. బండి ఊగింది గానీ పలక కదల్లేదు. పానా పెట్టి ఒక్కో బోల్టు తిప్పి చూశాడు. ఏదీ తిరగలేదు.

"ఈ పట్టీలెందుకు?" అని అడిగాడు.

మైసయ్య నోరు తెరిచేలోగా రాకేష్ జరిగిందంతా చెప్పేశాడు, దేవుడి సంగతితో సహా. చెప్పి, "ఇప్పుడైతే గట్టిగనే ఉందన్నా, పోయొస్త" అని ఫోను బిగించుకుని నల్లగొండ వైపు వెళ్లిపోయాడు.

విజేందర్ చేతులు తుడుచుకుంటూ అన్నాడు. "బిగించే పని నువ్వు చెయ్యి బాపూ. వెల్డింగ్ దిక్కు పోకు. పని పట్టే ముందు అది దేనికో బండి తెచ్చిన బేరగాన్ని అడుగు."

మైసయ్య తల ఊపాడు. సాయంత్రం ఒకాయన కొత్త సీటు కవరు పట్టుకొచ్చాడు.

"ఇది దేనికి?" అని అడిగాడు మైసయ్య.

"కూసోనీకి."

"ఎవరు కూసుంటరు?"

"నేనే."

"ఒక్కనివేనా, ఎనక ఎవరన్న కూసుంటరా? ఏ ఊరి దాక పోతరు?"

లోపల టైరు విప్పుతున్న విజేందర్ పానా కింద పెట్టి నెత్తి కొట్టుకున్నాడు. మైసయ్య ఇంకా అడుగుతూనే ఉన్నాడు.