గొలుసు వెనక కొస

నేను అయిదో తరగతితో చదువు మానేసినవాణ్ణి. నంద్యాలలో భూములు కొలిచే ఆఫీసులో కొలత గొలుసు లాగే చైన్‌మన్‌గా చేరాక, సర్వేయరు పారేసిన చిత్తుకాగితాలు ఏరుకొని, వాటి వెనక లెక్కలు వేసి చూసుకుంటూ విస్తీర్ణం కట్టడం నేర్చుకున్నాను. గొలుసుకు నూరు లింకులు. లింకుల్లో పొడవును అడ్డకొలతతో హెచ్చవేసి వెయ్యితో భాగిస్తే సెంట్లు. ముక్కోణం పొలమైతే అందులో సగం. ఇంతమాత్రానికి నాకు నాలుగేళ్ళు పట్టింది. పక్కన కూర్చోబెట్టుకొని ఒక్కరు చెప్పివుంటే నాలుగు రోజుల పని.

అందుకే డెబ్బైల చివర్లో మా ఆఫీసులో జోడీల పద్ధతి పెట్టినప్పుడు అందరికంటే ఎక్కువ సంతోషించింది నేను. చైన్‌మన్లు ఇద్దరిద్దరు జతకట్టి, ఒకరికొకరు పని చెప్పుకోవాలి. ఆరు నెలలకు పొలంలో పరీక్ష. గట్టెక్కినవాళ్ళ పేర్లు సర్వేయరు శిక్షణకు పోతాయి. చదువు ఎంతని చూడబోమన్నారు. కానీ నలభై దాటినవాళ్ళకు అర్హత లేదు. నాకప్పటికి ముప్పై తొమ్మిది నిండాయి. నాకున్నది ఆ ఒక్క పరీక్షే.

నాకు జోడీగా వచ్చినాయన ఆళ్ళగడ్డ మనిషి. నాకంటే ఎనిమిదేళ్ళు చిన్న. పదో తరగతి ప్యాసయ్యాడు, దస్తూరి ముత్యాలే. హెచ్చవేత దగ్గర మాత్రం చెమటలు పట్టేవి. ఆదివారాలు నేనే బస్సెక్కి ఆళ్ళగడ్డ పోయేవాణ్ణి. ఆయన చర్చి ముగించుకొని వచ్చాక, కోత అయిపోయిన జొన్నచేలల్లో గొలుసు పరిచేవాళ్ళం. అట్లా ఇరవై రెండు ఆదివారాలు.

ముందు మనిషి గొలుసు లాక్కుంటూ పోయి, అది ముగిసిన చోట ఇనుప కడ్డీ గుచ్చుతాడు. వెనక మనిషి ఆ కడ్డీలు పెరుక్కుంటూ వస్తాడు. చేతిలో ఎన్ని కడ్డీలుంటే అన్ని గొలుసులు. ముందు మనిషి చూపు అవతలి కొసన నాటిన జెండా మీద ఉంటుంది కాబట్టి లెక్క వెనక మనిషిదే. అది మా పనిలో ఆచారం. కానీ మాది నల్లరేగడి. ఎండాకాలం మోకాటిలోతు పగుళ్ళు. గుచ్చిన కడ్డీ ఒక్కోసారి లోపలికి జారి కనిపించకుండా పోతుంది. పది ఉండాల్సిన కట్టలో మాకు ఎప్పుడూ పది ఉండేవి కావు కాబట్టి, ముందు మనిషి చేతిలో మిగిలినవి చూసి సరిపోల్చుకునే వీలూ లేదు. అందుకని నేను ఎడమ జేబులో శనగగింజలు పోసుకొని, గొలుసుకొకటి కుడి జేబులోకి మార్చేవాణ్ణి.

“ఏందన్నా, జేబులో గింజలేసుకోని తిరుగుతాండావ్? కోళ్ళెంటబడ్తాయ్ సూడు!” అని నవ్వేవాడు.

“పడితే పడనీ. నువ్వు ముందు హెచ్చెయ్.”

ఆయనకు లెక్క కట్టడం రావాలని కొలతలు రాసే పుస్తకమూ, ముందు కొసా ప్రతిసారీ ఆయనకే ఇచ్చాను. వెనక కొస నేనే పట్టాను.

పరీక్ష కూడా ఆళ్ళగడ్డ దగ్గరే పెట్టారు. మంచి ఎండ. మొదట ఆయన వంతు, వెనక నేను. ఒక కడ్డీ పగుల్లో పడింది. గింజలు చూసి సరైన లెక్క అందించాను. విస్తీర్ణం సెంటు తేడా లేకుండా వచ్చింది. పక్క పొలంలో నా వంతు, వెనక ఆయన. గింజలు ఆయన చేతిలో పోసి, గొలుసుకొకటి జేబు మార్చమన్నాను. అది ముక్కోణం.

“ఎంతప్పా?”

“ఏడు గొలుసులు, నలభై లింకులన్నా.”

కంటికి పొలం ఇంకా పెద్దదిగా అనిపించింది. కానీ నేను కంటిని నమ్మినవాణ్ణి కాను. ఏడువందల నలభైని అడ్డకొలత అయిదువందలతో హెచ్చవేసి, సగం చేసి, ఎకరా ఎనభై అయిదు సెంట్లని రాసిచ్చాను. అధికారి తన పటం చూసుకున్నాడు. అందులో ఉన్నది రెండెకరాల పది సెంట్లు.

“ఇన్నేళ్ళ సర్వీసు పెట్టుకొని కొలిచేది ఇదా? పక్కనున్నాయన్ను చూసి నేర్చుకో” అన్నాడు.

పుస్తకంలో రాసినవాడిదే బాధ్యత. వెనక మనిషి మీదికి నెట్టేవాడి మాట ఎవరూ వినరు. చెబితే ఆయనే చెప్పాలి. ఆయన వైపు చూశాను. తల వంచుకొని గొలుసు చుట్టుకుంటున్నాడు.

బస్టాండు దారిలో అడిగాను. “గింజలు మార్చినావా లేదా?”

“దొర సూస్తాంటే జేబులో సెయ్యి పెట్టి యాడ తిప్పేదన్నా, సిన్నపిల్లోని మాదిరి? కడ్డీలు ఏడు దొరికినాయి, ఏడని సెప్తి.”

“పగుల్లో పడింటాదని తోయలేదా?”

“ఇన్నాళ్ళూ ఒక్కటన్నా పడిందని నువ్వు సెప్పినావా?”

చెప్పలేదు. పడినప్పుడల్లా నేనే చప్పుడు లేకుండా సరిచేసుకున్నాను, మధ్యలో ఆపితే ఆయన హెచ్చవేత తప్పుతుందేమోనని. నేను నేర్పింది ఆయనకు పనికొచ్చే సగం. నాకు పనికొచ్చే సగం నేర్పలేదు.

“సరే, పాతిక సెంట్లు తగ్గిందంటే ఒక గొలుసు పోయినట్లని నీకు ఆడనే తెల్సుండాల.”

“తెల్సింది” అన్నాడు.

“మరి?”

“సెప్పింటే నాది గూడా కొట్టేసుందురు గదన్నా.”

రెండేళ్ళకు ఆయన సర్వేయరై నంద్యాలకే వచ్చాడు. ఒకరోజు గట్టు మీద నిలబడి, “జోడీలు మళ్ళా పెడ్తాండారన్నా. కొత్తోనికి నువ్వే సెప్పల్ల. నీ మాదిరి సెప్పేటోడు లేడు” అన్నాడు.

“నాకు లెక్కలు రావని ఆఫీసులో రాసిపెట్టుండారు గద సార్” అన్నాను.

ఆయన్ను సార్ అనడం అదే మొదలు. ఆయన వద్దనలేదు.