నానీ గుట్ట దిగిన రోజు

భుజం నొప్పి రాకపోతే నేను ఆ గుట్ట ఎక్కేదాన్ని కాదు.

కొత్తవాడలో ముప్పై ఏళ్లుగా పరుచుకునే జంఖానాలు నేస్తున్నాను. ఇనుప పళ్ల పంజాతో నూలును కొట్టీ కొట్టీ కుడి భుజం పట్టేసింది. నెల రోజులు మగ్గం ముట్టుకోవద్దన్నాడు డాక్టరు. ఆయన గది మూడో అంతస్తులో ఉంటుంది. నా వంతు కోసం కిటికీ దగ్గర నిలబడి ఉంటే, దూరంగా ఊరి చివర ఒక గుట్ట కనిపించింది. దాని మీద నీలం, ఆకుపచ్చ, గులాబీ రంగు ఇళ్లు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్నట్టున్నాయి. నేను పుట్టిందీ మెట్టిందీ ఈ ఊళ్లోనే. అయినా అక్కడ ఎవరుంటారో, దారి ఎటో నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే వంట ముగించి, ఆధార్ కార్డు సంచిలో వేసుకున్నాను.

"ఆడ మనోళ్లు ఎవలున్నరు?" అన్నాడు మా ఆయన.

"ఎవ్వల్లేరు. ఊకెనే సూసొస్త."

"భుజానికి రెస్టియ్యమంటే కాళ్లకు పని చెప్తానవా?" అని నవ్వాడే కానీ, వద్దనలేదు.

పోచమ్మ మైదాన్‌లో ఒక బస్సు ఎక్కి, హన్మకొండ చౌరస్తాలో ఇంకొకటి మారాను. రెండో బస్సు కండక్టరమ్మ ఆధార్ చూసి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు చేతిలో పెడుతూ, "మీదికి బస్సు పోదక్కా. ఆఖరి స్టాపుల దిగి నడవాలె" అంది.

మొదట సిమెంటు మెట్లే. ఇరవై ముప్పై ఎక్కాక అవి అయిపోయి, రాతిని చెక్కిన మెట్లు మొదలయ్యాయి. ఒకటి మోకాలెత్తు, ఇంకొకటి జానెడు. నా ముందు ఒకతను గ్యాసు సిలిండరు భుజాన పెట్టుకుని, మలుపు మలుపుకూ ఆగి ఊపిరి పీల్చుకుంటున్నాడు. నీళ్ల క్యాను చంకనెత్తుకున్న ఒకామె నన్ను దాటుకుని వెళ్లిపోయింది. కిటికీలోంచి చూసినప్పుడు రంగులే కనిపించాయి. ఆ ఇళ్లలోని ప్రతి వస్తువూ ఎవరో ఒకరి భుజం మీద పైకి వచ్చిందేనని అప్పటిదాకా నాకు తట్టలేదు. ఊరికే చూడ్డానికి వచ్చినందుకు కొంచెం సిగ్గేసింది.

సగం దూరం ఎక్కాక ఆయాసం వచ్చి ఒక ఆకుపచ్చ ఇంటి గడప పక్కన కూలబడ్డాను. లోపల మంచం మీద, ఉతికిన చీర కట్టుకుని, కొంగు తలమీదుగా కప్పుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. ఎటో బయలుదేరిన మనిషిలాగే ఉంది.

"ఎవలది? ఎవలింటికచ్చిన్లు?" అంది నా వైపు తల తిప్పి. రెండు కళ్లలోనూ తెల్లటి పొర.

"ఎవలింటికి కాదమ్మా. మీ గుట్ట సూద్దామని వచ్చిన."

ఆమె పగలబడి నవ్వింది. "యా అల్లా! మా గుట్ట సూడనీకె బస్సెక్కి వచ్చినవా! కోడలా, జర చాయ్ పెట్టు."

కోడలు చాయ్ తెచ్చింది కానీ ఆమె ముఖంలో నవ్వు లేదు. అడిగితే చెప్పింది. ఆ రోజు అత్తను కంటి దవాఖానలో చూపించాలి. ఇప్పటికే రెండుసార్లు తప్పిపోయింది. మోకాళ్ల వల్ల నాలుగేళ్లుగా ఆమె గుట్ట దిగలేదు. కిందటిసారి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మోస్తుంటే నాలుగో మెట్టు మీద కుర్చీ కాలు విరిగింది. పడిపోలేదు కానీ, అప్పట్నుంచి కుర్చీ అంటేనే ఆమెకు వణుకు. కొడుకు లారీ మీద పోయాడు, రెండు రోజులకు గానీ రాడు.

"నేను రాను. ఉన్న చూపు సాలు నాకు" అంది ముసలామె. ఇప్పుడు ఆమె కూడా నవ్వడం లేదు.

ఆమె కూర్చున్న మంచం మీద పరిచింది జంఖానాయే. లేచి అంచు పట్టుకుని గుంజి చూశాను. మంచి నేత, ఎక్కడా పురి వదల్లేదు.

"దీంట్ల కూసోబెట్టి మోద్దామమ్మా. నేను ఇవే నేస్త, నాకెరుకే. ఇది తెగదు."

"నిజంగనా?"

"ముప్పై ఏండ్ల సంది ఇదే పని. నా మాట నమ్ము."

ముసలామె చెయ్యి చాపి జంఖానాను తడుముతూ, "మరి నువ్వు పక్కన్నే ఉండాలె" అంది.

కోడలు కేకేస్తే చుట్టుపక్కల నుంచి ముగ్గురు ఆడవాళ్లు వచ్చారు. అందరూ ఆమెను అమ్మమ్మ అన్నట్టు నానీ అనే పిలుస్తున్నారు. జంఖానాను రెండు మడతలు వేయించి, అంచులు లోపలికి చుట్టి పిడికిట్లో ఎలా బిగించాలో చూపించాను. మోయడానికి మాత్రం నా భుజం పనికిరాదు. నానీ చెప్పులు, దవాఖాన కాగితాల సంచి పట్టుకుని, ఎడమ చేత్తో ఆమె చెయ్యి పట్టుకుని పక్కన నడిచాను. "ఇప్పుడు పెద్ద మెట్టు నానీ... ఇప్పుడు మలుపు" అని చెబుతూనే ఉన్నాను. మొదటి పది మెట్లూ ఆమె నా వేళ్లను నలిపేసింది. సగానికి వచ్చేసరికి, "మెల్లగ, ఆగం కాకున్లి. నేనేడికి పోతాన" అంటూ మోసేవాళ్లకే ధైర్యం చెప్పడం మొదలుపెట్టింది.

కింద బస్సు ఆగి ఉంది. పొద్దున నన్ను తెచ్చిన కండక్టరమ్మే దిగి వచ్చి, నానీని ఎత్తి సీట్లో కూర్చోబెట్టడానికి చెయ్యి వేసింది. జీరో టికెట్టు చేతికిస్తే నానీ దాన్ని నాలుగు మడతలు పెట్టి రవికలో దోపుకుంది. బస్సు ఆగిన ప్రతిచోటా, "ఇదేమొచ్చింది బిడ్డా?" అని అడుగుతూనే ఉంది. తెలిసిందల్లా చెప్పాను. తెలియని చోట కోడలు చెప్పింది.

దవాఖానలో చూసి, శుక్లాలు ముదిరాయని, ముందు ఒక కంటికి ఆపరేషన్ చేస్తామని తేదీ రాసిచ్చారు. తిరిగి గుట్ట ఎక్కడం దిగడం కంటే కష్టమైంది. పైనుంచి ఇద్దరు మగవాళ్లు వచ్చి సాయం పట్టారు. నేను ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టేశారు. మా ఆయనకు జరిగిందంతా చెబితే, వింటూ నా భుజానికి మందు రాశాడు.

ఆపరేషన్ రోజు నేను పోలేకపోయాను. కొడుకే దగ్గరుండి తీసుకెళ్లాడట. నెల దాటాక ఒక మధ్యాహ్నం మళ్లీ రెండు బస్సులు మారి వెళ్లాను. నానీ మోకాళ్లు అట్లాగే ఉన్నాయి. నానీ గుమ్మంలో కూర్చుని మెంతికూర ఒలుస్తోంది. నా వైపు చూసి, ఎవరో అనుకుని మళ్లీ కూరలోకి తల వంచుకుంది.

"మంచిగున్నవా నానీ?" అన్నాను.

గొంతు వినగానే కట్ట కింద పెట్టేసింది. నన్ను కింది నుంచి పైదాకా తీరిగ్గా చూసింది.

"నువ్వేనా!" అంది చివరికి. "ఇంత పొట్టిగున్నవా బిడ్డా? నేను నిన్ను మస్తు పొడుగనుకున్న."