వేపచెట్టు అర్జీ

మైదుకూరులో కర్నూలు బస్సెక్కాను. కిటికీ పక్కన కూర్చున్న పెద్దాయన ఎవరో నాకు తెలియదు. వడగాలి ఇద్దరి మొహాలకూ కొడుతోంది. ఆయన అద్దం మీద చెయ్యి వేసి నా వైపు తిరిగాడు.

"మూస్తానప్పా, నీకు ఉక్కపోయదు గదా?"

సరేనన్నాను. మూశాక తనే మాట కలిపాడు. కొత్తింటికి వాకిలి తలుపులు చేయించడానికి చేలో ఉన్న వేపచెట్టు కొట్టాలట. దానికి అనుమతి కావాలన్నారట.

"ఆ చెట్టు నేను నాటిందే. కడవలతో నీళ్లు మోసి పోసినా. అప్పుడు ఎవురూ వచ్చి అడగల్యా. ఈ అద్దం మూయాలంటే నిన్నడగాల, గాలి ఇద్దరిదీ గాబట్టి. నా చెట్టుకు నేనెవుర్ని అడగాలప్పా?"

"చెట్లు కాపాడటానికే గదా ఆ రూలు," అన్నాను.

"నాటినోనికి తెలీదా దాని ఇలవ?"

జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని రసీదు నా చేతికిచ్చాడు. అర్జీ పెట్టి మూడు నెలలైందట. రసీదు కింద ఉన్న గుండ్రటి ముద్ర మా ఆఫీసుది. దాని పక్కన, అర్జీ అందినట్టు పెట్టిన పొట్టి సంతకం నాది. మడిచి ఇచ్చేశాను.

"నువ్వేం పని చేస్తాండావప్పా?"

"ఆఫీసులో," అన్నాను.

ఏ ఆఫీసని అడగలేదు. అది నా సొంత సంగతి అనుకున్నాడేమో.

ఆళ్లగడ్డలో దిగుతూ, "అద్దం ఇంక నీ ఇష్టమప్పా," అన్నాడు.

మర్నాడు కట్టలో వెతికి ఆ అర్జీ బయటికి తీశాను. అది ఆగింది నా సంతకం కోసమే. పెట్టడానికి అర నిమిషం కూడా పట్టలేదు.