కిటికీ కొలత

పడవ నది మధ్యకు వచ్చేసరికి వెనకనుంచి ఎవరో భుజమ్మీద చెయ్యి వేశారు. పరదాల మాస్టారు వెంటనే తిరగలేదు. ఆ ఊళ్లో ఆయన భుజమ్మీద చెయ్యి వేసేంత చనువున్న మనిషి భార్య ఒక్కతే. ఆవిడేమో దూరంగా, తమ్ముడి ఇంట్లో ఉంటోంది.

"బావా! నీకోసమే బయల్దేరితే నువ్వే ఎదురొచ్చావే!"

ఆ తమ్ముడే. చంకలో తాడు కట్టిన పెద్ద కాగితం పొట్లం, మొహం నిండా నవ్వు.

"చెప్పా పెట్టకుండా ఇదేంట్రా?"

"చెబితే నువ్వు సెలవు పెడతావు, నాలుగు డబ్బులు తగలేస్తావు. అక్క వద్దంది. సాయంత్రం రైలుకి వెళ్లిపోతాలే. ఈలోగా ఈ కర్టెన్లు నీ కొత్త గదికి నా చేత్తో తగిలించి, అక్కడినుంచే ఫోన్ చెయ్యమంది. పద, ముందు ఆ పని కానిద్దాం."

పరదాలున్నాయి, తగిలించే చెయ్యి ఉంది. గది లేదు.

ఆ పడవకి టికెట్టు లేదు. ఎప్పుడో వరదకి వంతెన కూలిపోతే, మళ్లీ కట్టేదాకా జనాన్ని ఊరికే దాటిస్తామని అప్పటి పెద్దలు మాటిచ్చారట. వంతెన కట్టలేదు, మాట తప్పలేదు. పేరుమోసిన ఊళ్లన్నిటికీ ఇలాంటి ధర్మఖాతాలు కొన్ని ఉంటాయి. లోకమంతా తిరిగివచ్చినవాళ్లను అడగండి, డబ్బు పోసి చూసింది మర్చిపోయి, ఊరికే దొరికినదాన్నే వర్ణించి చెబుతారు. ఫోటోలు తీసుకునేవాళ్ల మధ్య మాస్టారు కూడా చేతిలో మడతపెట్టిన ఊరి మ్యాపుతో నిలబడతాడు. పని లేనివాడికీ చూడవచ్చినవాడికీ పైకి పెద్ద తేడా కనబడదు. ఇద్దరూ నెమ్మదిగా నడుస్తారు, ఇద్దరూ బెంచీలు వెతుక్కుంటారు. చేతిలో మ్యాపు ఉంటే చాలు, ఎవరూ లేవమనరు.

మొన్నమొన్నటిదాకా ఆయన ఊళ్లోకెల్లా పెద్ద హోటల్లో పరదాల గదికి పెద్ద. దించడం, ఉతికించడం, చిరుగులు కుట్టడం, మళ్లీ తగిలించడం. పక్కనే ముక్కాలిపీట మీద కూచుని అంచులు కుట్టేది భార్య. ఆ గది వెనకే వాళ్ల కాపురం. హోటలు చేతులు మారింది. కొత్తవాళ్లు మీట నొక్కితే దిగే తెరలు పెట్టించారు. పరదాలతోపాటు పరదాల గదీ, దాని వెనకున్న కాపురమూ పోయాయి. కొత్త క్వార్టర్స్ కడుతున్నారు, పూర్తయ్యేదాకా నీ తమ్ముడి దగ్గరుండు అని భార్యని పంపించాడు. ఈమధ్య, గది ఇచ్చారు, చిన్నచిన్న పనులు మిగిలాయి, అయ్యాక వద్దువుగాని అన్నాడు. ఆ తర్వాత ఆయన పని అడగని దుకాణం లేదు. చూద్దాం మాస్టారూ అననివాడూ లేడు. తెలిసినవాడి ఇస్త్రీ దుకాణంలో షట్టరు దించాక బల్లమీద పడక, షట్టరు ఎత్తేలోగా బయటికి. పగలంతా ఊరే ఇల్లు.

మరి పరదాలకి కొలత ఎక్కడిది? అదీ ఆయన చేసుకున్నదే. ఒకరి వంటింట్లో ఒదిగి ఉండడం, చేతులకి పని లేకపోవడం, ఈ రెండిటితో విసిగిపోయి భార్య ఒకరోజు ఫోన్లో అడిగింది, గది కిటికీ ఎంతుంది అని. నోటికొచ్చిన అంకె ఒకటి చెప్పేస్తే సరిపోయేది. గది ఉందని అబద్ధమాడగలిగిన మనిషి కిటికీ కొలత దగ్గర మాత్రం ఆడలేకపోయాడు. అప్పుడాయన మ్యూజియంలో బెంచీ మీదున్నాడు. లేచి, ఎదురుగా ఉన్న కిటికీని జానలతో కొలిచి, కుచ్చుళ్లకీ మడతకీ ఎంత వదలాలో కలిపి మరీ చెప్పాడు. "అంత పెద్దదా!" అని ఆవిడ మురిసిపోయింది. ఆ మురిపెమే ఇప్పుడు పొట్లమై బావమరిది చంకలో ఉంది.

"గదికి తొందరేముందిరా?" అన్నాడు మాస్టారు. "ఇంతదూరం వచ్చి ఊరు చూడకుండా పోతావా?"

"చూస్తా కానీ టికెట్టు పెట్టి చూసేది ఒక్కటి కూడా వద్దు. ఊరికే వచ్చేవి ఎన్నున్నా చూస్తా."

"ఊరికే వచ్చేవే చూపిస్తా."

సాయంత్రం దాకా తిప్పాలి. కాళ్లు పీకి, రైలు వేళకి గది సంగతి ఎత్తే ఓపిక లేకుండా చెయ్యాలి. పొట్లం ఇచ్చెయ్, నేనే తగిలించుకుంటా అనాలి. మాస్టారు ఆలోచించుకున్నదల్లా అంతే.

ముందు గుట్ట ఎక్కించాడు. పైనుంచి ఊరంతా, నది మలుపుతో సహా, అరచేతిలో పెట్టినట్టు కనబడింది. తర్వాత గడియార స్తంభం. పన్నెండు కొట్టగానే దాని తలుపులు తెరుచుకుని చెక్కబొమ్మలు వరసగా తిరుగుతాయి. చివరి బొమ్మ ఎప్పుడూ సగంలో ఇరుక్కుంటుంది. దానికోసమే జనం ఆగుతారు. బావమరిది పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. అక్కడినుంచి సంగీతశాల. రాత్రి కచేరీకి వేలు పోయాలి, మధ్యాహ్నం సాధన మాత్రం ఎవరైనా వినొచ్చు. వెనక వరసలో కూచున్నాక బావమరిది గుసగుసగా అన్నాడు: "వాడెవడో మాటిమాటికీ ఆపి తిడుతున్నాడేంటి బావా?"

"తిట్టేవాడు దొరకడం అదృష్టంరా. పనున్నట్టు లెక్క."

పూలతోట గేటు దగ్గర కాపలావాడు పలకరించాడు. "ఏం సార్, ఇవాళ మన బెంచీ మీద అలిగారా? ఇటే రాలేదు?"

"నీకు ఊరంతా తెలుసే! పెద్దమనిషివైపోయావు బావా."

మాస్టారు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

అప్పుడు వాన అందుకుంది. బావమరిది పొట్లాన్ని చొక్కాలోకి తోసుకుని, "ఇది తడిస్తే అక్క నా తోలు వలుస్తుంది, కళ్లు పోయేలా కుట్టింది" అంటూ రోడ్డుకి అడ్డంపడి పరిగెత్తాడు. ఎదురుగా ఉన్నది మ్యూజియం. పొద్దుటినుంచీ మాస్టారు తప్పించుకు తిరుగుతున్నది దాన్నే.

"అటొద్దురా, మూసేస్తారు!"

"తలుపులు బార్లా తెరిచుంటే మూసెయ్యడమేంటి? ఊరికే అని బోర్డు కూడా ఉంది!"

లోపల మెట్ల పక్కనే సామాన్లు దాచిపెట్టే కౌంటరు. చూడవచ్చినవాళ్లు బరువులు అక్కడ పెట్టి టోకెన్ తీసుకుంటారు, డబ్బులక్కర్లేదు. కౌంటరులో ఉండే ఆవిడ మంచి మనిషి. మంచివాళ్లతోనే వస్తుంది చిక్కు. మాస్టారిని చూడగానే ఆవిడ ఎవరూ అడక్కుండానే లోపలికెళ్లి పాత సంచి ఒకటి మోసుకొచ్చి బల్లమీద పెట్టింది.

"ఇవాళ పెందలాడే వెళ్తున్నారా మాస్టారూ? వానని తలగడకి కవరు చుట్టాను, చూసుకోండి."

జిప్పు పాడైన సంచిలోంచి తలగడ సగం బయటికొచ్చింది. పక్కన ఇస్త్రీపెట్టె పిడి, దువ్వెన, మడతపెట్టిన దుప్పటి. పల్చటి కవరులోంచి తలగడ గలేబు అంచున సన్నటి గొలుసుకుట్టు కనబడుతోంది. ఆ కుట్టు ఎవరిదో బావమరిదికి చెప్పక్కర్లేదు. వాళ్లింట్లో ఇప్పుడు ప్రతి గుడ్డ మీదా అదే ఉంది.

"ఇది... నీ సంచేనా బావా?"

మాస్టారు సంచిని మెల్లిగా వెనక్కి తోశాడు. "ఉండనివ్వమ్మా. ఇప్పుడే వెళ్లడంలేదు. ఈ పొట్లం కూడా పెట్టుకో."

మేడమీది బెంచీ మీద ఇద్దరూ కూచున్నారు. పరదాల కొలత ఎక్కడ తీసిందీ మాస్టారు చెప్పేశాడు. ఎదురుగా కిటికీ. గోడకి బదులు కట్టినట్టుంది. అద్దం మీద నీళ్లు కారుతున్నాయి.

"ఇదేనా?" అన్నాడు బావమరిది.

"ఇదే."

"ఎన్నాళ్లుగా ఇలా?"

"ఆ మీట తెరలు వచ్చినప్పట్నుంచీ."

"మా ఇల్లు లేదా? వచ్చి పడుంటే ఎవడు కాదన్నాడు?"

"మీ అక్క ఒక్కతే ఉంటేనే మీ ఆవిడ గిన్నెలు చప్పుడవుతున్నాయి. ఇద్దరం ఉంటే ఎలా ఉంటుందో నీకూ తెలుసు."

బావమరిది తల దించుకున్నాడు. ఒక్కమాట, ఉత్తిమాటకైనా, కాదని ఉంటే బాగుండేది.

"నీకు దండం పెడతారా, దానికి చెప్పకు. గది ఉందన్న ధైర్యంతోనే ఆ వంటింట్లో నెట్టుకొస్తోంది. అది కూడా పోతే ఏం పట్టుకుని నిలబడుతుంది?"

"అబద్ధాలు నాకు చేతకావు బావా. గొంతులోనే దొరికిపోతా."

ఫోను మోగింది. అక్క.

"ఆ అక్కా... ఆ, తగిలించేశా. కొలిచి కుట్టినట్టు సరిపోయాయి! కిటికీనా? అబ్బో, గోడంత ఉంది. నది కనబడుతోంది, ఇదిగో పడవ దాటుతోంది. చలా? చలేం ఉండదు, కిటికీ కిందే గదిని వెచ్చబెట్టే వేడినీళ్ల గొట్టం. నేల నున్నగా అద్దంలా ఉంది. బావా? బావ ఇక్కడే కూచున్నాడు, దర్జాగా."

చేతకాదన్నవాడు చూసింది చూసినట్టే చెబుతున్నాడు. తగిలించానన్నది తప్ప ఒక్క ముక్క అబద్ధం లేదు. మాస్టారు చెప్పినప్పుడు కొలత ఒక్కటే ఉన్న గదికి ఇప్పుడు వెలుతురొచ్చింది, వెచ్చదనం వచ్చింది. అలాంటి గదిని విన్నాక ఏ ఆడమనిషి మాత్రం ఒకరి వంటింట్లో ఉండగలదు? మాస్టారికి ఆ సంగతి ముందే తట్టింది. బావమరిదికి కాస్త ఆలస్యంగా తట్టినట్టుంది, మొహం వాడిపోయింది. ఫోనుని అరచేత్తో మూశాడు.

"బావా, వచ్చే ఆదివారం వచ్చేస్తానంటోంది. ట్రంకు దించమంటోంది. ఏం చెప్పను? ఇదిగో, నువ్వే మాట్లాడు."

ఫోను చాచిన చేతిలో చిన్నగా గొణుగుతోంది. మాస్టారు దానివంక చూశాడు. లేచాడు. పక్కన గోడమీదున్న బొమ్మ చూడబోతున్నవాడిలా రెండడుగులు వేసి, అక్కడ ఆగకుండా మెట్లవైపు తిరిగాడు.

"బావా! ఒక్కనిమిషం అక్కా... బావా!"

కింద కౌంటరు ఆవిడ సంచి తెచ్చి ఇచ్చింది. పొట్లం కూడా తీసి పెట్టింది.

"ఇది మర్చిపోతున్నారు మాస్టారూ."

ఆయన ఆ తాడు ముడిమీద వేలు పెట్టాడు. అది భార్య వేసిన ముడే, లాగితే విడిపోయేది.

"అది పైనున్నాయనదమ్మా," అన్నాడు. "కిందికొచ్చాక ఇచ్చెయ్."

బయట వాన తగ్గలేదు. మ్యాపు విప్పి తలమీద కప్పుకున్నాడు, తలగడని గుండెకి ఆనించి పట్టుకున్నాడు. పైన గోడంత కిటికీ దగ్గరికి బావమరిది వచ్చాడేమో, అద్దం తడుతున్నాడేమో. మాస్టారు తలెత్తలేదు. గట్టున పడవ కూత వేస్తోంది. అటు వెళ్లకుండా, పడవలు లేని వైపు వీధిలోకి తిరిగి నడిచిపోయాడు.