భోజనం తర్వాత వాడాల్సిన మందు

కొత్తగా డాక్టరునై ఆత్మకూరు ఆస్పత్రిలో చేరిన ఆ రోజుల్లో నా మెడలో స్టెతస్కోపు కన్నా గర్వమే ఎక్కువ బరువుండేది. జలుబుతో వచ్చినవాళ్లలో కూడా నాకు పుస్తకంలోని పెద్ద జబ్బులే కనిపించేవి. మా పెద్ద డాక్టరు గారు నాకు ‘వింతజబ్బుల డాక్టరమ్మ’ అని పేరు పెట్టారు. (పైకి మూతి ముడుచుకున్నాను గానీ, లోపల భలే సంతోషపడ్డాను.)

ఒకరోజు వరికుంటపాడు నుంచి ఒకావిడ ఇంటర్ చదివే కూతుర్ని తీసుకొచ్చింది. పిల్లకు నీరసం, గుండెదడ. పేరడిగితే తల్లి చెప్పింది, వయసడిగితే తల్లి చెప్పింది, నాలుక చాపమంటే ముందు తల్లే చాపింది. “మా బిడ్డ ఉపవాస ప్రార్థనలో ఎంత గట్టిగా ఉంటాదో మా చర్చిలో అడగండి డాక్టరమ్మా. తినేరోజు మటుకు ముగ్గురి కూడు తింటాది. వచ్చేవారం మూడురోజుల ఉపవాసం ఉండాది, ఆలోపల బలానికి సూదెయ్యండి” అంది. నేను పిల్లనే చూస్తున్నాను. చెవుల కింద దవడలు ఉబ్బి ఉన్నాయి, పళ్ల లోపలివైపు అరిగిపోయింది, వేళ్ల కణుపుల మీద కాయలు కాశాయి. పరుగున వెళ్లి పెద్ద డాక్టరు గారికి చెప్పాను. ఆయన తలుపులోంచి తొంగిచూసి, “తిండి జబ్బయితే ఎముకల గూడులా ఉండాల గదమ్మా. ఈ పిల్ల పుష్టిగా ఉండాదే” అన్నారు. నాకు ఒళ్లు మండింది. అలా చిక్కిపోయేది అనోరెక్సియా సార్, కక్కుకోవడం అందులోనూ ఉండొచ్చు, కానీ బరువు తగ్గకుండా అతిగా తినడం, కక్కడం సాగిస్తే అది బులీమియా, పైకి పుష్టిగా కనబడుతుంది కాబట్టే ఎవరూ పట్టుకోలేరు అని ఆయనకే పాఠం చెప్పాను.

పిల్లతో ఒంటరిగా మాట్లాడాలంటే తల్లి కదిలితేగా! చివరికి ఆవిడకే బీపీ ఉన్నట్టుందని భయపెట్టి నర్సు దగ్గరికి పంపాను. తలుపు మూయగానే పిల్ల ఏడ్చేసింది. “తిన్నదంతా గొంతులో వేళ్లు పెట్టుకుని కక్కేస్తా మేడం. ఉపవాసం మానేస్తే అమ్మ చర్చిలో తలెత్తుకోలేదు” అంది. రక్తపరీక్షలో పొటాషియం బాగా తగ్గి ఉంది. ఇంకో ఉపవాసం చేసి, మళ్లీ తిని కక్కితే గుండె ఆగినా ఆగేది. పెద్ద డాక్టరు గారు రిపోర్టు చూసి నా చేతికే తిరిగిచ్చి, “నెల్లూరు సైకియాట్రిస్టుకి నువ్వే రాయి. నీ పేషెంటు” అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ పతకమే.

పిల్ల ఒప్పుకున్నాక తల్లికి అంతా చెప్పాను. ఆవిడ పిల్ల చెయ్యి ఒళ్లోకి తీసుకుని, కణుపుల మీది కాయలు తడిమింది. “నన్నేం చెయ్యమంటారు?” అంది. నెల్లూరు వైద్యం ఎటూ జరుగుతుంది, ఇంట్లో మాత్రం అన్నం తిన్నాక పిల్లను లేవనీయకుండా గంటసేపు కబుర్లు చెప్పమన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుని, “గంట చాలదేమో డాక్టరమ్మా” అంది.

ఆ పిల్ల ఇప్పుడు వింజమూరులో టీచరు. మొన్న భోజనానికి పిలిస్తే వెళ్లాను. అందరం తిన్నాం. వాళ్లమ్మ కబుర్లు మొదలుపెట్టింది, ఆపలేదు. ఆ వింతజబ్బుల డాక్టరమ్మ పొగరు గుర్తొచ్చి నవ్వుకున్నాను. అందులో సగమైనా ఇప్పుడుంటే బాగుండును. బస్సు వేళయిందని లేవబోతే ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుంది. కణుపులు నున్నగా ఉన్నాయి.

“మీరు రాసిన మందే గదా మేడం, కూర్చోండి” అంది.

బస్సు వెళ్లిపోయింది. కూర్చునే ఉన్నాం.