తోలు తీయించింది నేనే

మా పుంజు తోలు తీయమని సిద్దిపేటలో చికెన్ దుకాణం అతనికి చెప్పింది నేనే. అప్పుడు ఆ సంగతి దాచాను.

ఇంట్లో కోయడానికి నాకు చెయ్యాడక దుకాణానికి తీసుకెళ్లాను. నాటుకోడిని తోలుతోనే వండుకుంటాం; కానీ దుకాణంలో దాన్ని కాల్చి పసుపు రాసేదాకా ఆగే ఓపిక లేకపోయింది. తోలు లేని కూర చూసి మా ఆవిడ, "గిది మన పుంజు కాదు, బాయిలర్ కోడి. వాడు మార్చిండు" అంది. నేను కాదనలేదు.

ఆమె నన్ను దుకాణానికి లాక్కెళ్లి గిరాకీల ముందే అతన్ని దొంగ అంది.

"తోలు తియ్యమన్నది గీ పటేలే గదక్కా. అడుగు."

"నా మొగుని మీదికి నెడ్తున్నవా? నీ దుకాణం మన్నువడ."

నేను ఆమె చెయ్యి పట్టుకుని బయటికి నడిచాను. ఆ మాట పాకి మా ఊరివాళ్లు అతని దగ్గర కోయించడం మానేశారు.

నెల తర్వాత ఒక ఆదివారం, నిండు గిరాకీలో, ఆమెతోనే వెళ్లాను. "నువ్వు కోడిని మార్చలే, తమ్మీ. తోలు తియ్యమన్నది నేనే. మాఫ్ చెయ్యి" అన్నాను.