గవర్నరు దొర ఇచ్చిన రివాల్వర్

నేను రిటైరవడానికి రెండేళ్ళ ముందు, ఒక జూన్ నెలాఖర్లో జరిగిన సంగతి ఇది. అప్పుడు చెన్నైలోని ఒక ప్రభుత్వ ఫోరెన్సిక్ ప్రయోగశాలలో తుపాకుల విభాగానికి అధిపతిగా ఉన్నాను. అధిపతి అంటే వినడానికి పెద్ద మాటే. నా కింద ఇద్దరు సహాయకులు, ఒక ఏసీ, అది పనిచెయ్యని రోజుల్లో ఒక ఫ్యాను. కొత్తగా వచ్చే పోలీసులు గదిలోకి తొంగిచూసి, నన్ను చూసి, "సార్ లేరా?" అని అడిగేవారు. ఉద్యోగంలో చేరిన నాటి నుంచి ఆ సార్ కోసం నేను కూడా ఎదురుచూస్తున్నాను కనుక, కూర్చోమని చెప్పేదాన్ని.

ఆ నెలలో ఒక సివిల్ కోర్టు మాకు ఒక రివాల్వర్ పంపింది. మామూలుగా మాకు వచ్చే తుపాకుల వెనక ఒక శవమో, కనీసం ఒక గాయమో ఉంటుంది. దీని వెనక ఇద్దరు అన్నదమ్ములు ఉన్నారు.

లైసెన్సు ఉన్న మనిషి చనిపోతే అతని ఆయుధాన్ని ఇంట్లోవాళ్ళు వెంటనే పోలీస్ స్టేషన్లోనో, అనుమతి ఉన్న తుపాకుల వ్యాపారి దగ్గరో జమ చెయ్యాలి. తర్వాత వారసుల్లో ఒకరు, మిగతావారి ఒప్పుదలతో, తన పేరున లైసెన్సు అడగవచ్చు. తండ్రి పోయిన ఈ కుటుంబంలో చిక్కంతా ఆ ఒప్పుదల దగ్గరే వచ్చింది. పెద్దవాడు రంగనాథం, కోడంబాక్కంలో సినిమా షూటింగులకు వ్యాన్లు అద్దెకిచ్చేవాడు. చిన్నవాడు మోహన్, చెన్నై శివారు మనలిలో పంపుల విడిభాగాలు తయారుచేసి అమ్మేవాడు. తండ్రి ఇల్లు పంచుకున్నారు, నగలు పంచుకున్నారు, చివరికి ఇత్తడి గంగాళం కూడా ఎవరికో ఒకరికి పోయింది. రివాల్వర్‌ను మాత్రం రెండు ముక్కలు చెయ్యడం కుదరక కోర్టుకెక్కారు.

కోర్టు మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగింది. ఇది ఏ ఆయుధం? పనిచేస్తుందా? దీని వెల ఎంత? వెల కట్టడం మా పని కాదు. అయితే కోర్టు అడిగినప్పుడు మా పని కాదని చెప్పడం కూడా మా పని కాదు. ఇరుపక్షాల ఎదుటే సీలు విప్పాలని ఆదేశం ఉండటంతో ఒక ఉదయం అందరినీ పిలిపించాను.

అన్నదమ్ములిద్దరూ పెళ్ళికొచ్చినట్టు ఇస్త్రీ చొక్కాల్లో వచ్చారు. స్టేషన్ నుంచి ఆయుధం తెచ్చిన ఎస్సై వచ్చాడు. వారసురాలే కనుక వాళ్ళ తల్లి కనకమ్మ కూడా వచ్చింది. ఎనభై దాటిన మనిషి. ఆమెను లోపలికి పిలవాలని ఎవరికీ తోచలేదు. వరండాలో బల్ల మీద కూర్చోబెట్టి, చేతికి ఒక నీళ్ళ సీసా ఇచ్చి వచ్చారు.

సీలు విప్పకముందే రంగనాథం చరిత్ర మొదలుపెట్టాడు.

"మా తాతకి గవర్నరు దొర సొంత చేత్తో ఇచ్చింది మేడం ఇది. చిత్తూరు అడివిలో దొర మీద పులి దూకితే మా తాత కట్టెతో కొట్టి కాపాడినాడు."

"కట్టె గాదన్నా, కొడవలి," అన్నాడు మోహన్.

"నువ్వు జూసినావా?"

"నువ్వు జూసినావా?"

ఇద్దరూ చూడలేదని తేలాక నేను గుడ్డ విప్పాను.

ఏ తుపాకీ అయినా చేతికి రాగానే మొదట చూడాల్సింది అందులో గుండ్లు ఉన్నాయా అని. లేవు. రెండోది నంబరు. ఫ్రేము మీద చెక్కిన నంబరు, లైసెన్సులో ఉన్న నంబరు ఒకటే. మూడోది పుట్టుక. పైకి చూస్తే ఇంగ్లండు సైనికాధికారులు నడుముకు కట్టుకున్న పాత రివాల్వర్ లాగే ఉంది. నల్లటి రంగు, పిడి చివర తాడు కట్టుకునే వలయం, ఆరు గదుల సిలిండరు. కానీ తుపాకీ తన అసలు ఊరిని పైన రాసుకోదు. మరలు తీసి చెక్క పిడి విప్పితే దాని కింద, సిలిండరు వెనక కూడా, కోడిగుడ్డు ఆకారంలో చిన్న ముద్ర కనిపించింది. అమ్మకానికి ముందు ప్రతి తుపాకీని ఎక్కువ మందుతో కాల్చి, పేలిపోకుండా నిలిస్తే అలాంటి ముద్ర వేస్తారు. ఒక్కో దేశానిది ఒక్కో రకం. ఈ ముద్ర బెల్జియంది. ఒకప్పుడు అక్కడ పేరున్న ఇంగ్లీషు రివాల్వర్లకు చవక నకళ్ళు చేసి ప్రపంచమంతా అమ్మేవారు. సిలిండరు పైభాగాన అరిగిపోయిన అక్షరాల్లో మద్రాసు మౌంట్ రోడ్డులోని ఒక దుకాణం పేరు కూడా ఉంది.

ఆ మాటే చెప్పాను. గవర్నరు దొర తన ప్రాణం కాపాడిన మనిషికి మౌంట్ రోడ్డులో దొరికే చవక నకలు ఇచ్చాడా అన్న ప్రశ్న గదిలో కాసేపు నిలబడింది.

రంగనాథం తొణకలేదు. "దొర ఆడ కొనిచ్చుంటాడు మేడం. అర్జెంటుగా ఇయ్యాల్సొచ్చింది గదా."

నాలుగోది గొట్టం. సన్నటి ఇత్తడి రాడ్ లోపలికి పంపి, అవతల నుంచి బయటికి వస్తుందా అని చూస్తాం. తుప్పో, ఎప్పుడో కట్టి మరిచిపోయిన కందిరీగ గూడో ఉంటే దాంతో తెలుస్తుంది. నా రాడ్ సగం దూరం వెళ్ళి ఆగిపోయింది. లైటు వేసి చూశాను. గొట్టానికి సరిగ్గా సరిపోయేలా స్టీలు ముక్క దించి, పక్క నుంచి మేకు కొట్టి, పైన నునుపుగా అరగదీసి రంగు వేశారు. అనుమానం వచ్చి, ట్రిగ్గరు నొక్కితే వెనక నుంచి కొట్టే సుత్తిని చూశాను. పాత రివాల్వర్లలో గుండు వెనక కొట్టే మొన ఆ సుత్తికే ఉంటుంది. దాన్ని కూడా చదునుగా కోసేశారు.

ఈ ఆయుధం కాలదని, కాల్చడానికి వీల్లేకుండా ఎవరో కావాలనే చేశారని చెప్పాను.

నాకు ముందుగా గుర్తొచ్చింది లైసెన్సు కాగితాల వెనక ఉన్న సంతకాలు. గడువు తీరిన ప్రతిసారీ ఒక అధికారి దాన్ని చూసి 'మంచి స్థితిలో ఉన్నది' అని రాశాడు. ప్రతి ఎన్నికల ముందూ ఆ తండ్రి దాన్ని స్టేషన్లో జమ చేశాడు, స్టేషన్ వాళ్ళు బీరువాలో పెట్టి తాళం వేశారు, ఎన్నికలు ప్రశాంతంగా జరిగాయి.

మోహన్ కుర్చీలోంచి లేచాడు. "నువ్వే మార్చేసినావు! అసలుది అమ్ముకోని, సినిమావోళ్ళ బొమ్మ తెచ్చి పెట్టినావు!"

"నోరు ముయ్‌రా! నంబరు ఒకటేనని మేడం చెప్పలా? నువ్వే ఏదో జేసినావు. ఇనుము తరిగే లేత్ మిషను ఎవురి కాడ ఉండాది? నీ కాడా, నా కాడా?"

అంతవరకు ఫ్యాను కింద సగం నిద్రలో ఉన్న ఎస్సైకి మెలకువ వచ్చింది. లైసెన్సు ఉన్న ఆయుధంలో అనుమతి లేకుండా మార్పులు చెయ్యడం నేరమని, ఎవరు చేశారో తేలకపోతే ఇద్దరి మీదా కేసు రాయాల్సి ఉంటుందని తమిళంలో చాలా మర్యాదగా చెప్పాడు. అన్నదమ్ములకు ఒక్కసారిగా ఆ రివాల్వర్ మీద మమకారం తగ్గిపోయింది. నాన్నే చేయించి ఉంటాడని ఒకడు, తాతే చేయించి ఉంటాడని ఇంకొకడు అన్నారు. ఇంకాస్త సమయం ఇస్తే గవర్నరు దొర దాకా వెళ్ళేవారు.

ఆ అరుపులకు కనకమ్మ గోడ పట్టుకుని లోపలికి వచ్చింది. ఏమైందని కొడుకులను అడగలేదు, నన్ను అడిగింది. చెప్పాను.

"ఓ, అదా. నేనే చేయించినా అమ్మా," అంది.

నేను కుర్చీ చూపించాను. కూర్చుని, కొంగుతో మెడ తుడుచుకుని, మార్కెట్టు సంగతి చెప్పినట్టు చెప్పింది.

"మా ఆయన తాగినాడంటే దాన్ని తెచ్చి అన్నం కాడ పెట్టుకుంటాడు. పులుసులో ఉప్పు చాలకున్నా అదే, అద్దెకున్నోళ్ళు ఎదురు మాట చెప్పినా అదే. సుమ్మా, ఊరికే బెదిరించేదానికి అనుకున్నా. పెద్దోడు టెన్త్ తప్పిన దినం, వాడి తలకి ఆనించి నిలబెట్టినాడు. నేను కాళ్ళు పట్టుకుంటే గానీ తియ్యలా. మర్నాడు ఆయన బెంగుళూరు పొయినాడు. నేను మునక్కాయల సంచిలో అడుగున పెట్టుకోని, బస్సెక్కి చూలై పొయినా. ఆడ ఒక లేత్ షాపు ఉండె. ఆయప్పకి దండం పెట్టి, గొట్టం మూసెయ్యమన్నా. గొట్టం మూస్తే చాలదమ్మా, పేలితే చేతిలోనే పగులుతుంది, సుత్తి ముక్కు కూడా తీసెయ్యాల అన్నాడు. సెరి, తియ్యి అన్నా."

గుండ్లనే పారేసి ఉండవచ్చు కదా అని అడిగాను.

"గుండ్లు దినం లెక్కబెట్టుకుంటాడమ్మా. ఒకటి తగ్గినా నన్ను చంపేస్తాడు. గొట్టం లోపల ఎవురు జూస్తారు?"

నా వృత్తిలో చాలామంది నిపుణుల సాక్ష్యాలు విన్నాను. ఇంత సూటిగా ఆలోచించిన మనిషిని తక్కువ చూశాను. ఆ లేత్ మనిషి మాట కూడా నిజమే. గొట్టం మాత్రం మూసి వదిలేస్తే, కాల్చినవాడి చెయ్యి, పక్కవాడి కన్ను రెండూ పోతాయి.

"నాయనకి తెలియనే లేదా?" అని మోహన్ నెమ్మదిగా అడిగాడు.

"తెలిస్తే ఊరకుంటాడా? ఏటా ఆయుధ పూజకి దానికి బొట్టు పెట్టి దండం పెట్టుకొనె. నేనూ పక్కన నిలబడి పెట్టుకొంటిని. పని చెయ్యకండా ఉండాల సామీ అని."

ఎస్సై ఆమెను చూశాడు, నన్ను చూశాడు. ఆ లేత్ మనిషి ఎక్కడున్నాడని అడిగాడు. పోయి చాలా కాలమైందని ఆమె చెప్పింది. సరిగ్గా అప్పుడే ఎస్సైకి ఒక ముఖ్యమైన ఫోన్ వచ్చింది. ఫోన్ మోగినట్టు మాకెవరికీ వినపడలేదు గానీ, ఆయన చాలాసేపు వరండాలో మాట్లాడాడు. తిరిగి వచ్చాక కేసు మాట ఎత్తలేదు. ఆ ఉద్యోగంలో అవసరమైన చెవుడు ఆయనకు సమయానికి వచ్చింది.

ఆ ఉదయం పులి కథ అందరికంటే గట్టిగా చెప్పిన రంగనాథం మాత్రం తల వంచుకుని కూర్చున్నాడు. అందరూ మెట్లు దిగాక వెనక్కి వచ్చాడు.

"మేడం, ఆ దినం... నా తలకి పెట్టినప్పుడు, అది పనిచేసేదేనా?"

వాళ్ళమ్మ చెప్పినదాన్ని బట్టి పనిచేసేదేనని అన్నాను.

"లోపల గుండ్లు ఉన్నాయా, లేదా? అది టెస్టులో తెలుస్తుందా?"

తెలియదని చెప్పాను. గుండు పేలితే గుర్తులుంటాయి. గుండు ఉండి పేలకపోతే ఏ గుర్తూ మిగలదు. అతను తల ఊపి, చెప్పులు వేసుకుని వెళ్ళాడు.

నా నివేదికలో పరీక్షలో కనిపించిందే రాశాను. బెల్జియం తయారీ, ఇంగ్లీషు నమూనాకు నకలు. గొట్టం మూసి ఉంది, సుత్తి మొన లేదు, ఆయుధంగా పనికిరాదు. మార్పులు ఎప్పుడు జరిగాయో పరీక్ష ద్వారా నిర్ధారించడం సాధ్యం కాదు. వెల విషయంలో ఒక తుపాకుల వ్యాపారి అభిప్రాయం తీసుకున్నాను. మార్పులు చెయ్యని నకళ్ళనే కొనేవాళ్ళు లేరని, దీన్ని ఇనుము కింద తూకానికి కూడా తీసుకోనని ఆయన చెప్పాడు. ఆ అభిప్రాయాన్ని కోర్టు భాషలోకి మార్చి పంపాను. అన్నదమ్ములు దావా వెనక్కి తీసుకున్నారు. అంతవరకు నాకంటే నాకని కొట్టుకున్నవాళ్ళు, ఆ తర్వాత అన్నకే ఇవ్వండని ఒకడు, తమ్ముడికే ఇవ్వండని ఇంకొకడు మర్యాదలు చేసుకున్నారు. చివరికి కనకమ్మే వేలిముద్ర వేసి ప్రభుత్వానికి అప్పగించింది. కరిగించేశారని తర్వాత తెలిసింది.

అప్పటిదాకా వారసత్వపు ఆయుధం వస్తే, దాన్ని ఎవరు ఇచ్చారో, ఎవరు కొన్నారో, ఎవరు కాల్చారో అడిగేదాన్ని. అది ఎవరి మీద గురిపెట్టి ఉండేదో అడగాలని తోచలేదు. నివేదిక నమూనాలో ఆ ప్రశ్న లేదు, ఇప్పటికీ లేదు. ఆ కేసు తర్వాత, రిటైరయ్యేదాకా, అలాంటి ప్రతి ఆయుధానికీ సీలు విప్పకముందే ఆ ఇంటి ఆడవాళ్ళను పిలిపించి మాట్లాడాను. పరీక్షలో తేలాల్సింది వాళ్ళే చెప్పడంతో, చాలాసార్లు అరపూట పని తగ్గింది.